పాట అయ్యాక మిషను తొక్కేదెవరు?

ఇంటి పట్టున పైసంపాదన: వెండితెర మీద ఒక లెక్క, మహానంది వీధిలో ఇంకో లెక్క!

ఎన్ని సినిమాల్లో చూడలేదు మనం! ఇంటాయన హఠాత్తుగా కన్నుమూస్తాడు. బియ్యపు డబ్బా ఖాళీ. అమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, మూలన వున్న కుట్టుమిషను మీది గుడ్డ తీస్తుంది. వెనక నుంచి పాట అందుకుంటుంది. మొదటి చరణంలో పిల్లాడు పలకా బలపం పట్టుకుని బడికి పోతాడు. రెండో చరణంలో నిక్కరు పోయి ప్యాంటు వస్తుంది. పల్లవి మళ్ళీ వచ్చేసరికి మిషను చక్రం గిర్రున తిరిగి, తిరిగి... కారు చక్రమైపోతుంది! కొడుకు కలెక్టరై దిగుతాడు. హాల్లో ఈలలే ఈలలు!

నాలుగు నిముషాల పాట. ఇరవై ఏళ్ళ కాపురం. మధ్యలో ఆ అమ్మ ఎన్ని జాకెట్లు కుట్టింది? ఒక్కోదానికి ఎంత మిగిలింది? దారం డబ్బులు ఎవరిచ్చారు? ఎవరూ అడగరు. అడిగితే పాట చెడిపోతుంది మరి!

సినిమాని తప్పుపట్టాలని కాదు ఈ మాట. సినిమాకి సినిమా లెక్క వుంటుంది. కానీ హాలు బయటికి వచ్చాక మన లెక్క మనకుంది కదా! డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని తమ్ముళ్ళు, చంటిపిల్లతో ఇల్లు కదల్లేని చెల్లెళ్ళు, నాన్న జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోయే ఇళ్ళల్లోని కాలేజీ పిల్లలు... అందరి నోటా ఒకటే మాట: "ఇంట్లోనే కూచుని నాలుగు డబ్బులు వచ్చే పని ఏదైనా వుంటే బాగుణ్ణు!"

వుంది. కానీ దాని లెక్క పాటలో చెప్పరు. ఆ లెక్క వినడానికి మహానంది పోదాం, రండి!

నీళ్ళున్న ఊరు

రాయలసీమ అనగానే ఎండిన బావులు, పగిలిన నేలలు కళ్ళ ముందుకొస్తాయి చాలామందికి. నంద్యాలలో బస్సెక్కి నల్లమల కొండల వైపు పోతే ఆ బొమ్మ తలకిందులవుతుంది. దారికి రెండు వైపులా పచ్చని అరటి తోటలు! మహానందీశ్వరుడి గుడిలో వూరే నీరు కోనేట్లో అద్దంలా తేటగా వుంటుంది. రూపాయి బిళ్ళ పడితే అడుగున బొమ్మా బొరుసూ చూసుకోవచ్చు. ఆ నీరే గుడి దాటి తోటల్లోకి పారుతుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా ఊరు. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోది.

సినిమా ప్రియులకు ఈ పేరు కొత్త కాదు. 2005లో సుమంత్, శ్రీహరి, అనుష్కలతో 'మహానంది' అన్న పేరుతోనే సినిమా వచ్చింది. కానీ మనం వచ్చింది ఆ కథ కోసం కాదు. గుడి వీధిలో, ఎండకు పట్టా కట్టుకున్న ఒక చిన్న కొట్టు కోసం.

కొట్టంటే ఏముంది, ఒక బల్ల. దాని మీద మూరలు కొలిచి పెట్టిన పూలమాలలు, పక్కన దూది వత్తుల కట్టలు. వెనక ఒక పెద్దావిడ. కళ్ళు మన వైపు, వేళ్ళు మాత్రం పని మీద. అరటి నార తడిపి, రెండేసి పూలు చేర్చి ముడి వేస్తోంది.

"ఎంత సేపు పడుతుంది పెద్దమ్మా, ఒక మాల?"

"కట్టేది ఎంత సేపు నాయనా! అమ్ముడుపోయేదే లెక్క. కార్తీక సోమవారం అనుకో, కట్టింది కట్టినట్లే పోతాది. మర్నాడు అడిగేవాళ్ళు వుండరు. సాయంత్రానికి పూలు వాడతాయి, దాంతోపాటు నా డబ్బూ వాడిపోతాది."

"మరి ఈ వత్తులు?"

ఆవిడ నవ్వింది. "వత్తి వాడదు కదా! దానికే రెండూ పెట్టుకున్నా. పూలు ఈ పొద్దు కూటికి, వత్తులు రేపటి కూటికి. మా కోడలు ఇంట్లో వంట అయినాక కూచోని చేస్తాది, నేను ఈడ అమ్ముతా."

చూశారా! ఏ వ్యాపార కళాశాలలోనూ చదవని మనిషి రెండు ముక్కల్లో అసలు విషయం చెప్పేసింది. ఇంట్లో తయారుచెయ్యడం సగమే పని. ఎవరు కొంటారు, ఎప్పుడు కొంటారు, కొనకపోతే సరుకు ఏమవుతుంది... ఇదీ మిగతా సగం. ఆవిడకి గుడి వుంది, గుడికి భక్తులున్నారు, భక్తులకు కార్తీక మాసం వుంది. మరి మనకో?

అవే వత్తులు... ఇంకో కథ!

అదే వత్తుల మీద హైదరాబాదులో జరిగిన కథ వినండి. 2023లో బయటపడిందిది. "దీపపు వత్తులు చేసే మిషను మా దగ్గర కొనండి. దూది మేమే ఇస్తాం. మీరు ఇంట్లో కూచుని వత్తులు చెయ్యండి. ఆ వత్తులు మళ్ళీ మేమే కొంటాం!" అని ప్రకటనలు. ఎంత తియ్యని మాట! అమ్మే బాధ లేదు, తిరిగే బాధ లేదు. జనం అప్పులు చేసి మరీ మిషన్లు కొన్నారు. చివరికి కొనేవాళ్ళు లేరు, కట్టిన డబ్బు లేదు. ఇంట్లో మిషను మిగిలింది, పోలీసు స్టేషను ముందు క్యూ మిగిలింది.

ఇందులో కిటుకు ఎక్కడుందో పట్టారా? వత్తుల్లో అంత లాభమే వుంటే వాళ్ళే నాలుగు మిషన్లు పెట్టుకుని చేసుకునేవాళ్ళు కదా! వాళ్ళ వ్యాపారం వత్తులు కాదు, మిషన్లు. కొనే గిరాకీ ఎవరో కాదు, మనమే!

అందుకే ఇంటి పని ఏదైనా సరే, మొదటి ప్రశ్న ఇది: డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది? పని చేసేవాడికి డబ్బు రావాలి. పని ఇస్తామని చెప్పి మన దగ్గరే ముందు డబ్బు అడిగితే, అది డిపాజిట్టు అనండి, కిట్టు అనండి, రిజిస్ట్రేషను అనండి, అక్కడే ఇంటర్వెల్ కార్డు వేసుకుని బయటికి వచ్చెయ్యాలి!

ఈ విలన్ ఈ మధ్య ఫోనులోకి కూడా దూరాడు. "ఈ వీడియోకి లైక్ కొట్టండి, నూటయాభై రూపాయలు" అంటాడు. కొడితే నిజంగానే ఇస్తాడు! ఆ నూటయాభయ్యే ఎర. మర్నాడు "పెద్ద టాస్కు" అంటాడు, వెయ్యి కట్టమంటాడు. వెయ్యికి పన్నెండు వందలు వచ్చినట్టు తెర మీద అంకె చూపిస్తాడు. అది తీసుకోవాలంటే ఐదు వేలు కట్టమంటాడు... అంకె పెరుగుతూనే వుంటుంది, చేతికి మాత్రం రాదు. ఇంకొకడు "డేటా ఎంట్రీ" అని ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, వారం తర్వాత "తప్పులున్నాయి, జరిమానా కట్టు, లేకపోతే కోర్టు" అని బెదిరిస్తాడు. ఇలాంటిది జరిగితే సిగ్గుపడి కూచోకండి. 1930 నెంబరుకి వెంటనే ఫోను చెయ్యండి. సైబరు మోసాల మీద ఫిర్యాదుకి దేశమంతటికీ అదే నెంబరు. ఎంత త్వరగా చేస్తే డబ్బు దాటిపోకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

జాకెట్టు లెక్క

సరే, మోసం లేదు. నిఖార్సైన పని. కుట్టుమిషనే తీసుకుందాం, మన పాటలోని మిషను! కాగితం, పెన్సిలు తీసుకోండి. అంకెలు ఉదాహరణకే, మీ ఊళ్ళో ధరలు వేసుకుని మళ్ళీ చూసుకోవచ్చు.

లైనింగు జాకెట్టుకి కూలి 200 రూపాయలు అనుకుందాం. అందులో లైనింగు గుడ్డ, దారం, హుక్కులు, కరెంటు కలిపి 60 పోయిందనుకోండి. మిగిలింది 140. కొలతలు తీసుకోవడం, కత్తిరించడం, కుట్టడం, చేతిపని, ఆ తర్వాత "చంక దగ్గర బిగుతైంది అక్కా" అని వాపసు వస్తే విప్పి సరిచెయ్యడం... అన్నీ కలిపి మూడున్నర గంటలు. 140ని మూడున్నరతో భాగించండి. గంటకి 40 రూపాయలు!

రోజుకి ఎనిమిది గంటలు కుడితే 320. పర్వాలేదే! 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. దానికి దీటుగా వుంది. కానీ ఇంట్లో వున్న మనిషికి ఎనిమిది గంటలు ఎవరిస్తారు? వంట, నీళ్ళు, బట్టలు, పిల్లలు, అత్తగారి మందులు పోను నాలుగు గంటలు దొరికితే గొప్ప. అంటే రోజుకి 160. నెలకి పాతిక రోజులు కుడితే నాలుగు వేలు. మిషను ఎనిమిది వేలు పెట్టి కొన్నామనుకుంటే, మొదటి రెండు నెలలూ మిషను కోసమే తొక్కినట్టు!

నాలుగు వేలు చిన్న డబ్బా? కానే కాదు. చెల్లెలి కాలేజీ ఫీజుకి, ఇంట్లో గ్యాసుకి, అన్నిటికన్నా మించి ఎవరినీ చెయ్యి చాపకుండా సినిమా టిక్కెట్టు కొనుక్కోడానికి అది పెద్ద డబ్బే. కానీ అది నాలుగు వేలు అని ముందే తెలిసి దిగడం వేరు, నలభై వేలు అనుకుని దిగడం వేరు.

ఈ లెక్క వేశాక చెయ్యాల్సింది ఇంకోటి వుంది. ఆ గంటకి నలభై ఎలా పెరుగుతుందో చూడటం. మామూలు జాకెట్టు దగ్గరే ఆగిపోతే రేటు పెరగదు. మగ్గం వర్కు నేర్చుకున్న చెయ్యికి పెళ్ళిళ్ళ సీజనులో గంట విలువ మారిపోతుంది. పని నేర్చుకోడానికి పెట్టిన గంటే అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఇచ్చే గంట!

అమ్మ గంటలు ఎవరి ఖాతాలో?

1991లో దాసరి నారాయణరావుగారి దర్శకత్వంలో 'అమ్మ రాజీనామా' వచ్చింది, గుర్తుందా? మీరు పుట్టి వుండకపోతే మీ అమ్మగారిని అడగండి, గుర్తుంటుంది! శారదగారు అందులో అమ్మ. ఇల్లంతా తన మీద పడేసి ఎవరి దారిన వాళ్ళు పోతూంటే, ఒక రోజు అమ్మ ఉద్యోగానికే రాజీనామా చేసేస్తుంది. అమ్మ పని కూడా పనే అని అప్పుడు గాని ఎవరికీ తోచదు.

కథ సంగతి అలా వుంచండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి, ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద అప్పట్లో రోజుకి సగటున 299 నిముషాలు పెట్టేవారు. అంటే ఒక్క నిముషం తక్కువ అయిదు గంటలు! ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిముషాలు. ఆ పని చెయ్యని వాళ్ళు ఈ సగటులో లేనే లేరు సుమండీ!

ఇంట్లో పైసంపాదన మొదలుపెడితే ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచి. "ఇంట్లోనే కదా వుండేది" అన్న మాట వెనక వున్నది ఇదే. కాబట్టి తమ్ముళ్ళూ, అమ్మో అక్కో మిషను కొంటానంటే, ముందు మీరు చెయ్యాల్సింది మిషనుకి డబ్బు సర్దడం కాదు. సాయంత్రం అంట్లు మీరు తోమడం! ఆ గంట ఆవిడకి నలభై రూపాయల గంట.

2019లోనే వచ్చిన 'మల్లేశం' చూసిన వాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆలేరు దగ్గర చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం గారి నిజ జీవితం అది. ప్రియదర్శి ఆ పాత్ర వేశాడు. చీర నెయ్యడానికి ముందు ఆసు పొయ్యాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని చేసి చేసి అమ్మ భుజం పోతూంటే చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం మగ్గాల వెనక కూడా నూలు చుట్టే చేతులున్నాయి. చీర ధరలో నేత కూలి కనిపిస్తుంది. ఆ చేతుల కూలి చాలా ఇళ్ళల్లో విడిగా కనిపించదు.

ఎనభై రూపాయలతో ఏడుగురు

మరి ఇంటి పనితో పైకొచ్చిన వాళ్ళే లేరా? ఎందుకు లేరు! 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు ఒక మేడ మీద చేరారు. ఎనభై రూపాయలు అప్పు. తెలిసిన విద్య ఒకటే, అప్పడాలు వత్తడం. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు చేశారు. అదే ఇవాళ మన కిరాణా కొట్లో కనిపించే లిజ్జత్ అప్పడం! ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

అందులో విశేషం అప్పడంలో లేదు, పద్ధతిలో వుంది. పొద్దున్నే పిండి ఒక చోట కలుపుతారు. ఎవరి వాటా వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. వత్తి, ఆరబెట్టి తెస్తే తూకం వేసి, నాణ్యం చూసి కూలి ఇస్తారు. పిండి ఒక్కటే, రుచి ఒక్కటే. పని చేసే ప్రతి ఆవిడా యజమానే. అమ్మే బాధ ఒంటరిగా ఒక్కరి నెత్తిన లేదు, లాభం ఒక్కరి జేబులో పోదు.

ఇది మనకీ కొత్త కాదు. 1982–83లో డ్వాక్రా పథకం వచ్చింది. తర్వాత మన రాష్ట్రంలో పొదుపు సంఘం లేని పల్లె లేదన్నంతగా పెరిగింది. ఆ సంఘంలోని పదిమందీ తలా ఒక జాడీ పచ్చడి పెట్టి పది పేర్లతో అమ్మే బదులు, ఒకే రుచి, ఒకే పేరు, ఒకే డబ్బాగా అమ్మితే? తినే వస్తువులకి ఆహార భద్రతా శాఖ దగ్గర రిజిస్ట్రేషను చేయించుకోవాలి, అది మరిచిపోకండి.

పేరు అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. 2018 నాటి హిందీ సినిమా 'సూయీ ధాగా'లో వరుణ్ ధవన్, అనుష్కా శర్మ (మన అనుష్క కాదు, ఆ అనుష్క!) మొగుడూ పెళ్ళాలు. అతనికి కుట్టు వచ్చు, ఆమెకి అల్లిక వచ్చు. వాళ్ళ చేతిపనిని వేరేవాళ్ళు తమ పేరు మీద అమ్ముకుంటారు. చివరికి తమ పేరు తాము పెట్టుకున్నాక గాని వాళ్ళ కథ నిలబడదు. ఇంట్లో చేసిన వస్తువు మీద మన పేరు వుంటే రేపు గిరాకీ మన గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది. దళారి పేరు వుంటే దళారి గుమ్మానికి పోతుంది.

చేతిపని వాళ్ళకి ఇంకో దారి: 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం. అందులో పద్దెనిమిది వృత్తులున్నాయి. దర్జీలున్నారు, రాతి శిల్పులున్నారు, బుట్టలూ చాపలూ చీపుర్లూ చేసేవాళ్ళున్నారు... మన పెద్దమ్మలాంటి మాలలు కట్టేవాళ్ళు కూడా వున్నారు! శిక్షణ, పనిముట్లకి పదిహేను వేల వరకూ సాయం, మొదటి విడతగా లక్ష దాకా అయిదు శాతం వడ్డీకి అప్పు అని ఆ పథకంలో పెట్టారు. దానికి పేరు రాయించుకోడానికి డబ్బు కట్టనక్కర్లేదు. కట్టమని ఎవడైనా అంటే... ఇంటర్వెల్ కార్డు సంగతి ముందే చెప్పాను కదా!

మళ్ళీ గుడి వీధికి

పొద్దు వాలుతోంది. నీడలు తోటల మీదికి జారాయి. పెద్దమ్మ బల్ల మీద ఇంకా నాలుగు మూరల పూలు మిగిలాయి. రేటు తగ్గించి ఇచ్చేస్తోంది.

"నష్టం కదా పెద్దమ్మా?"

"రేపు పారేసేదానికంటే ఈ పొద్దు తక్కువకి ఇచ్చేది మేలు కదా నాయనా. వత్తుల్లో సర్దుకుంటా." చేతులు దులుపుకుంటూ అడిగింది: "ఇంతకీ ఏ పేపరు మీది?"

సినిమా పత్రిక అని చెప్పాను. పెద్దమ్మ కళ్ళు మెరిశాయి.

"అట్లనా! అయితే మీ సినిమా వాళ్ళకి ఒక మాట చెప్పు నాయనా. హీరోయిను మాల కట్టేది చూపిస్తారు, బాగుంటాది. మాల కట్టినాక ఎన్ని మూరలు అమ్ముడుపోయినాయో కూడా ఒక్క తూరి చూపించమను!"

ఏమంటారు మరి? సినిమా వాళ్ళు చూపిస్తారో లేదో గాని, మనం మాత్రం చూసుకుందాం. కొనేదెవరు? డబ్బు ముందు ఎవరు కడుతున్నారు? గంటకి ఎంత మిగులుతోంది? ఆ గంట ఎవరి నిద్రలోంచి వస్తోంది? సరుకు మీద ఎవరి పేరుంది? ఈ అయిదింటికీ జవాబు దొరికాక మిషను మీది గుడ్డ తియ్యండి. పాట తర్వాత పాడుకోవచ్చు!